నిప్పుకోడి గూట్లో నల్ల కంకణాలు

ఆ పక్షుల పార్కుకి టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళకి అందులో నిప్పుకోడి ఒక్కటే కనిపిస్తుంది. పనిచేసేవాళ్ళనడిగితే రెండు అంటారు. మొదటిది కంచె వెనక మెడ చాపుకుని పిల్లల చేతుల్లో బిస్కెట్ల కోసం చూస్తూ ఉంటుంది, పాపం దాని వల్ల ఎవరికీ ఏ హానీ లేదు. రెండోది కొలను గూట్లో నీళ్ళ పైపు పట్టుకుని ఉంటుంది. ఆవిడకి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు ఇంతకాలం ఆవిడకి దొరక్కుండా బతికాడంటే వాడు గట్టివాడే.

కోపం అందరికీ ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ కోపానికి మామూలు ముక్కు చాలదు, తను మేపే పక్షుల ముక్కంత కావాలి. తాళం బిగుసుకుంటే తాళాన్ని తిడుతుంది. చేపల బండి ఆలస్యమైతే బండివాణ్ణి తిడుతుంది, వేళకి వస్తే చేపలు చిన్నవని తిడుతుంది. అయితే ఒకటి చెప్పుకోవాలి. ఆవిడ కడిగిన నేల మీద ఆకు వేసుకోకుండా వడ్డించుకు తినొచ్చు. పొద్దున్నే పైపు పట్టుకుందంటే గూడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెట్ట అన్నది కనపడకూడదు, ఈక అన్నది మిగలకూడదు. ఒకప్పుడు బూట్లు లేకుండా ఆ తడిలోనే రోజంతా నిలబడేది. కాళ్ళు నాని నాని వేళ్ళ సందులు ఒరిసిపోయి, రాత్రిళ్ళు మంచం మీద కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఏడ్చేది. చివరికి ఒకరోజు మేనేజరు బల్ల మీదికి తన కాలు ఎత్తి పెట్టింది. "చూడండి! బాగా చూడండి! మీ కాలైతే ఇట్లాగే ఊరుకుంటారా?" అంది. ఆ వారమే అందరికీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వచ్చాయి. పార్కులో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. ఆ కథ ఆవిడే మర్చిపోవడం మనం చెప్పుకోబోయే కథ.

ఆవిడ గూట్లో ఉండేవి తెల్ల కంకణాలు. ఎండ గూట్లో ఉండేవి నల్ల కంకణాలు. కంకణం అంటే కొంగ కన్నా కాస్త పొట్టిగా, కొడవలిలా కిందికి వంగిన పొడుగాటి ముక్కుతో ఉండే పక్షి. తెల్లదానికి ఒళ్ళంతా తెలుపు, తలా మెడా మాత్రం ఈకల్లేకుండా మసి పూసినట్టు ఉంటాయి. దానికి నీళ్ళు కావాలి, బురద కావాలి, చుట్టూ నలుగురు కావాలి. చెరువు అంచున దిగి ముక్కు బురదలో పెట్టిందంటే చేపపిల్లో కప్పో తగిలేదాకా తియ్యదు. గూడు కట్టినా ఊరంతా ఒకే చెట్టు మీద కాపరం. నల్లదాని దారి వేరు. ముదురు రంగు ఒళ్ళు, భుజం దగ్గర ఒక తెల్ల మచ్చ, నడినెత్తిన ఎర్రటి బొడిపెల టోపీ, ఇటుక రంగు కాళ్ళు. నీళ్ళు తాగడానికి ఉంటే చాలు దానికి. కోతలైపోయిన పొలాల్లో, బీళ్ళలో తిరుగుతూ నెర్రెల్లోకి ముక్కు దూర్చి పురుగుల్నీ తేళ్ళనీ లాగి తింటుంది. జంటగా బతుకుతుంది, అందనంత ఎత్తున ఒంటరిగా గూడు పెడుతుంది, కోపమొస్తే ఆకాశం చిరిగేలా అరుస్తుంది. రెండింటికీ ముక్కు మాత్రం ఒకటే. ముక్కు చూసి వరస కలిపేసేవాళ్ళకి ఇంకేం కావాలి?

ఎండ గూడు చూసుకునేది ఆవిడ తోడికోడలు. ఆ ఉద్యోగం వేయించింది నిప్పుకోడే. మరిదికి పెళ్ళయిన కొత్తలో, "ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తీసుకొచ్చినందుకు ఆ తర్వాత రోజూ పళ్ళు కొరుక్కుంది. ఎందుకంటే చిన్నకోడలు గూట్లోకి అడుగుపెడితే నల్ల కంకణాల జంట ఆమె వెనకే నడిచేది. చేతిలోంచి పురుగులు తీసుకు తినేది. ఆడదాన్ని ఆమె "నల్లపిల్లా" అని పిలిచేది, అది మెడ తిప్పి చూసేది. నిప్పుకోడి గూట్లోకి అడుగుపెడితే తెల్ల కంకణాలన్నీ ఒక్కసారి లేచిపోయి అవతలి చెట్టెక్కేవి. అన్నేళ్ళు మేపింది, కడిగింది, జబ్బు చేస్తే ఒళ్ళో పెట్టుకుంది. అవి మాత్రం పైపునే చూశాయి, మనిషిని చూడలేదు. చిన్నదాని మీద ఆవిడకున్న మంటకి అసలు కారణం ఇదే. కూర గిన్నెలూ బట్టల తాడూ అంటూ ఇంట్లో పడే కొట్లాటలన్నీ దాని మీద కప్పిన గుడ్డలు.

ఒకరోజు పొద్దున మేత గది ముందు అందర్నీ నిలబెట్టి మేనేజరు చల్లగా చెప్పాడు. "ఎండ గూడు తీసేస్తున్నాం. అక్కడ క్యాంటీన్ వస్తుంది. నల్లవాటిని కొలను గూట్లోకి మార్చేయండి. రెండూ కంకణాలే కదా."

చిన్నకోడలు ఒక అడుగు ముందుకేసింది. "సార్, అక్కడంతా తడి. వీటికి తడి పడదు సార్."

"మీ అక్క చూసుకుంటుందిలే. సీనియరు."

"అక్కా?" చిన్నది ఏడుపులో నోరు జారింది. "అక్క చేతిలో పెడితే బతకవు సార్. కడిగి కడిగి చంపేస్తుంది!"

అందరూ నవ్వారు. మేత కోసేవాడు నవ్వాడు, తోటమాలి నవ్వాడు, మేనేజరు కూడా పెదవి కొరుక్కుని నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికో కోడలు. ఇక్కడ తోడికోడలు నవ్వలేదు, నలుగురినీ నవ్వించింది. నిప్పుకోడికి చెవులు కాలిపోయాయి. అడగని ఆ పక్షుల్ని తన నెత్తిన ఎందుకు రుద్దుతున్నారని మేనేజరు మీద పడాల్సిన మనిషి, అతని వైపు చూడనైనా లేదు.

"బతకవా?" అంది. "ఎందుకు బతకవో నేనూ చూస్తాను. నీ దగ్గర గారాలు పోయాయి, నా దగ్గర బుద్ధిగా ఉంటాయి. పంపండి సార్."

చిన్నకోడల్ని టిక్కెట్ల గేటు దగ్గర కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం పెరట్లో చిన్నది దగ్గరికొచ్చింది. ఇద్దరి వాటాలకీ కలిపి ఒకటే కుళాయి. నిప్పుకోడి బిందె నిండేదాకా తల తిప్పలేదు.

"అక్కా, పొద్దున నోరు జారాను. తప్పే. నన్ను ఏమైనా అను. ఒక్క మాట మాత్రం విను. గూట్లో గేటు వైపు ఎత్తుగా ఉంటుంది కదా, ఆ సగం కడక్కు. పొడి మట్టి ఉంటే చాలు, అవి అక్కడే సర్దుకుంటాయి."

"సగం కడిగి సగం వదిలేయడానికి నాది ఎంగిలి పనా?"

"అట్లా కాదక్కా..."

"నా గూట్లో నా పద్ధతి. నీకు నచ్చకపోతే మేనేజరుతో చెప్పుకో, బాగా నవ్విస్తావుగా!"

బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. మాట గెలిచినందుకు ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది కూడా. అదీ నాకు ఒళ్ళు మండేది.

నల్ల జంట వచ్చిన మర్నాటి నుంచి ఆవిడ నేల ఇంకాస్త ఎక్కువే కడిగింది. ముఖ్యంగా ఆ ఎత్తు వైపు సగాన్ని. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అంటే ఇదే. మగది గూటి కప్పు కింద ఇనప దూలం ఎక్కి కూర్చుంది, దిగమంటే దిగలేదు. ఆడదాని ఒక రెక్క ఎప్పుడో దెబ్బతిన్నది, అంత ఎత్తుకి ఎగరలేదు. అది గూడంతా తిరిగి తిరిగి, నిప్పుకోడి బోర్లించి పెట్టుకున్న ప్లాస్టిక్ తొట్టి ఎక్కింది. చేపలు తెచ్చే తొట్టి అది. మధ్యాహ్నం ఆవిడ దాని మీదే కూర్చుని అలుపు తీర్చుకునేది.

"ఓహో, మహారాణిగారికి నేల పనికిరాదా? సింహాసనం కావాలా?" అని చీపురుతో అదిలించింది. అది దిగింది. ఆవిడ అటు తిరగగానే మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అదిలించింది. రోజూ ఇదే తంతు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ గూటి మొత్తంలో దానికి అందే ఎత్తులో తడి తగలని చోటు ఆ తొట్టి ఒక్కటేనని ఆవిడకి తోచలేదు. ఎలా తోస్తుంది? ఆవిడ కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.

కొన్నాళ్ళకి ఆడ పక్షి దిగినచోటే ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టింది. నిప్పుకోడి అది చూసి మురిసిపోయింది. నవ్వొస్తుంది గానీ ఇది నవ్వే సంగతి కాదు. తెల్ల కంకణాలు కడుపు నిండి హాయిగా ఉంటే ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, ముక్కు ఈకల్లో దాచుకుని కునుకు తీస్తాయి. ఒంటికాలి మీద నిలబడ్డ పక్షి అంటే ఆ గూడు తనదే అనుకున్న పక్షి అని ఆవిడ ఏళ్ళ తరబడి నేర్చుకున్న లెక్క. నల్లదాన్నీ తెల్లదాని లెక్కతోనే చూసింది. మేనేజరు ముక్కు చూసి వరస కలిపితే, ఈవిడ కాలు చూసి కలిపింది. అతనికంటే ఈవిడ తప్పే పెద్దది. అతనెప్పుడూ పక్షి మొహం చూసినవాడు కాదు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర తనే పలకరించింది, గెలిచిన మనిషి కదా. "నీ నల్లపిల్ల మా వాటిలో కలిసిపోయింది. ఒంటికాలి మీద నిలబడి సుఖంగా ఉంది. చంపేస్తానన్నావుగా?"

చిన్నకోడలి చేతిలో చెంబు ఆగిపోయింది. "ఏ కాలి మీద?"

"ఏ కాలైతే ఏమిటి? ఒకసారి ఇది, ఒకసారి అది."

"కళ్ళు మూసుకుంటోందా? ముక్కు ఈకల్లో పెడుతోందా?"

కళ్ళు మూసుకోవడం లేదు, ఆ సంగతి నిప్పుకోడికి అప్పుడే గుర్తొచ్చింది. కళ్ళు బాగా తెరిచే ఉంటున్నాయి.

"అక్కా, అది నిద్ర కాదు. కాలు మోపలేక మారుస్తోంది. నీకు దణ్ణం పెడతాను, రేపు గేటు మూసినప్పుడు ఒక్కసారి తాళం ఇవ్వు. చూసి వచ్చేస్తాను."

ఇక్కడ ఒక్క మాట చాలు. 'పద, ఇద్దరం వెళ్దాం' అంటే చాలు. తప్పు తన వైపు ఉందని మనసుకి తగిలిన క్షణాన కొందరు మెత్తబడతారు, కొందరు ఇంకాస్త బిగుసుకుంటారు.

"నా గూట్లో నీకేం పని?" అంది నిప్పుకోడి. "టిక్కెట్లు చింపుకో, ఫో."

మర్నాడు కడిగింది. ఆ తర్వాతా కడిగింది, కాకపోతే ఎత్తు వైపు కాస్త తక్కువగా, ఎవరో చూస్తారన్నట్టు తొందర తొందరగా. ఒకరోజు పొద్దున చీపురుతో అదిలిస్తే మహారాణి తొట్టి దిగలేదు. రెండోసారి అదిలించింది. దిగలేదు. తిట్టింది. అది తల ఎత్తి చూసింది తప్ప కదల్లేదు. చీపురు పారేసి రెండు చేతులతో ఎత్తింది. అంత పక్షికీ బరువే లేదు. అరికాళ్ళు రెండూ ఉబ్బి, పాచిపోయి, మధ్యలో పుండ్లు పడి ఉన్నాయి. వేళ్ళ సందులు ఒరిసిపోయి తెల్లగా ఉన్నాయి.

అలాంటి వేళ్ళు ఆవిడ ఇంతకు ముందు చూసింది. మేనేజరు బల్ల మీద ఎత్తి పెట్టి మరీ చూపించింది.

పక్షిని గుండెకి ఆనించుకుని వైద్యం గదికి పరిగెత్తింది. దారిలో అడ్డొచ్చిన తోపుడుబండినీ, బండి తోసేవాణ్ణీ, వాడి వంశాన్నీ తిట్టుకుంటూ పరిగెత్తింది. డాక్టరమ్మ కాళ్ళు తిప్పి చూసి, తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఆ చూపుకి నిప్పుకోడికి ఇంకా మండింది.

"ఏం, నేనేమన్నా నిప్పులు పోశానా దాని కాళ్ళ మీద? అట్లా చూస్తారేం?"

"నీళ్ళమ్మా," అంది డాక్టరమ్మ. "రోజూ తడి. తెల్లవాటి పాదాలు బురదకి తట్టుకుంటాయి. దీనివి పొడి నేల పాదాలు. చర్మం మెత్తబడి చిరిగింది, చీము ఎముకదాకా పోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే..." అని ఆగిపోయింది. మిగతా మాట చెప్పనందుకు డాక్టరమ్మ మంచిదే. చెప్పేసి ఉంటేనే బాగుండేదని నిప్పుకోడి అనుకుంది.

వారం తిరక్కుండానే పక్షి చచ్చిపోయింది. ఆ కబురు గేటు దగ్గరికి ఎవరు మోశారో గానీ, చిన్నకోడలు టిక్కెట్ల కిటికీలోనే కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ టిక్కెట్టు ఇస్తూ ఏడ్చింది. ఎందుకని అడిగినవాళ్ళకి చెప్పింది. పొడి నేల పక్షిని తడిలో పెట్టి చంపేశారని చెప్పింది. ఇంటికొచ్చాక మాత్రం బిందె పట్టుకుని వీధి చివరి కుళాయికి పోయింది. పెరటి కుళాయి దగ్గర నిప్పుకోడి ఒంటరిగా నిలబడింది. తిడితే తిరిగి తిట్టే మనిషికి తిట్టే దిక్కు లేకపోవడం కంటే పెద్ద శిక్ష లేదు.

రెండు రోజులాగి మేనేజరు మళ్ళీ అందర్నీ మేత గది ముందు నిలబెట్టాడు. "ఆ పక్షి ముసలిది. దాని కాలం తీరింది, పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగాడు. "నువ్వు గేటు దగ్గర కూర్చుని జనానికి ఏదేదో చెబుతున్నావట. మేమేదో చంపేసినట్టు. ఇంకో మాట నా చెవిన పడిందా, నీ ఉద్యోగం ఉండదు. కావాలంటే అడుగు మీ అక్కని. గూడు ఆవిడది. చెప్పమ్మా, ముసలిదే కదా?"

తప్పించుకునే దారి చేతికి అందించాడు. పుచ్చుకుంటే సరిపోయేది. సరేనంటే తన పేరు నిలుస్తుంది, తోడికోడలు నోరు మూసుకుంటుంది, ఎప్పటి నుంచో కోరుకున్నదే.

"ముసలిదా?" అంది నిప్పుకోడి.

మేనేజరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముసలిదేంటి! నిక్షేపంలాంటి పక్షి. నేనే చంపాను. ఈ చేత్తో, పైపు పెట్టి కడిగి కడిగి చంపాను. ఈ చిన్నది చెప్పింది, అందరి ముందూ చెప్పింది, మీరంతా పళ్ళికిలించారు. ఇంటికొచ్చి దణ్ణం పెట్టి చెప్పింది, నేను వినలేదు. ఆ పక్షి పొడి చోటు వెతుక్కుని తొట్టెక్కితే చీపురుతో తోలాను. మీరేమో టీలు అమ్ముకోవడానికి దాని ఇల్లు పీకారు. మీవి ముక్కు చూసే కళ్ళు, నాకు అవీ లేవు. ఇప్పుడు ముసలిదైపోయిందా? చచ్చినదాని మీదకి తోసేస్తే నోరెత్తదనా?" ఆవిడ కంట నీళ్ళు ఆ పార్కులో ఎవరూ చూడలేదు, ఆ రోజు చూశారు. "దీని ఉద్యోగం తీసేస్తారా? తీసి చూడండి. గేటు దగ్గర ఇది మెల్లగా చెబుతోంది. నేను చెబితే వీధి చివరిదాకా వినిపిస్తుంది!"

వినిపిస్తుందని మేనేజరుకి బాగా తెలుసు. అతను గొంతు సవరించుకుని, "సరే, సరే, పనులు చూసుకోండి" అన్నాడు. క్యాంటీన్ కోసం తవ్విపోసిన మట్టి ఎండ గూడు ఉన్నచోట గుట్టగా ఉంది. దాన్ని గూట్లోకి తీసుకుపోతానని నిప్పుకోడి చెప్పింది, అడగలేదు. అతను తల ఊపి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆవిడ చేసినవేవీ చచ్చిపోయిన నల్లపిల్లకి అక్కరకి రావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా మగది ఇంకా దూలం మీదే ఉంది. తిండి మానేసి పొద్దస్తమానం అరుస్తోంది. నిప్పుకోడి ఎత్తు వైపు సగానికి పైపు తగలనివ్వలేదు. తొట్టితో మట్టి మోసింది, ఎండలో ఆరబోసింది, పరిచింది. అద్దంలాంటి నేల మీద తన చేతులతోనే దుమ్ము పోసింది. పురుగుల్ని మట్టిలో కప్పి పెట్టింది. చూడవచ్చినవాళ్ళు "ఇదేంటి ఇంత చెత్తగా ఉంచారు" అంటే, తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని మట్టి సర్దుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం మగది దిగింది. మట్టి మీద నాలుగడుగులు వేసింది. ముక్కు దూర్చింది. తర్వాత వెళ్ళి బోర్లించి ఉన్న తొట్టి ఎక్కి, తన జంట కూర్చున్నచోట కూర్చుంది.

ఆవిడ తలెత్తేసరికి వల అవతల చిన్నకోడలు నిలబడి ఉంది. టిక్కెట్ల కట్ట ఇంకా చేతిలోనే ఉంది. ఎంతసేపయిందో వచ్చి. పక్షిని చూసింది, మట్టిని చూసింది, అక్కని మాత్రం చూడలేదు. నిప్పుకోడి మోకాళ్ళ మీంచి లేచి నిలబడింది.

"ఆ మూల ఇంకా తడిగానే ఉంది," అంది చిన్నకోడలు. గొంతులో దయ ఏమీ లేదు.

తన నేల గురించి ఎవరు ఏమన్నా ఊరుకోని మనిషి. ఊరుకుంది. మట్టి తేవడానికి తొట్టి కోసం చెయ్యి చాపి, దాని మీద పక్షిని చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి బూట్లు రెండూ విప్పింది. ఒట్టి కాళ్ళతో గుట్ట దగ్గరికి నడిచి, బూట్ల నిండా పొడి మట్టి నింపుకుని వెనక్కి వచ్చింది.